క్రిస్మస్ మేక పాట

"మేక వైపు కాదన్నా, రెండో వైపు. నీ కాళ్ళు పట్టుకుంటా, అదొక్కటి గుర్తుపెట్టుకో," అన్నాడు పాటగాడు రాన్స్‌ఫర్డ్.

పెర్సివల్ తలెత్తకుండా బ్లేడుతో రికార్డు మీది కాగితం గీకుతున్నాడు. జమైకాలోని కింగ్‌స్టన్‌లో సౌండ్ బాక్సులు పెట్టి జనాన్ని ఆడించే ప్రతివాడూ చేసే పనే అది. పేర్లు కనబడితే అవతలి సౌండువాడి వేగులు చదువుకుపోయి, మర్నాటికల్లా అదే పాట సంపాదిస్తారు. గీకేశాక రెండు వైపులూ బోడిగుండ్లే. అందుకని నెమ్మది పాట ఉన్న వైపు సుద్దముక్కతో గీత పెట్టి, తన రమ్ము కొట్టు వెనకగదిలో దాచాడు.

"గీత ఉన్నవైపే వేస్తాను. ఇక నన్నొదిలిపెట్టు."

రాన్స్‌ఫర్డ్ గోల వేరు. ఆ కొట్లో సీసాలమ్మే ఐసిల్డా అంటే అతనికి ప్రాణం. నోటితో అడిగే ధైర్యం లేక, ఆమె పేరు పెట్టి ఆ నెమ్మది పాట కట్టాడు. పండగ ముందురోజు సంతలో పెర్సివల్ వేసే మొదటి పాట విని జవాబు చెప్పమన్నాడు. రైల్వే గార్డొకడు ఆమెను అప్పటికే రెండుసార్లు పెళ్ళికి అడిగాడు, పండగనాడు అతనికి ఏదో ఒకటి చెప్పేస్తానంది. ఇక రాన్స్‌ఫర్డ్‌కు మిగిలింది ఆ సంతరోజే.

మేక పాట సంగతంటారా, స్టూడియోలో పావుగంట మిగిలిపోయింది. రెండో వైపు ఖాళీగా ఎందుకని, పండగకు కూరైపోబోయే మేక క్రిస్మస్ తాతను బతిమాలినట్టు స్కా అనే గెంతులాట దరువులో పాడేశాడు. దుప్పులను విప్పేసి నన్ను బండికి కట్టుకో తాతా, మంచుదేశానికి నడిచైనా వస్తానంటుంది మేక. చరణం చివర 'మే' అని అరుస్తుంది. బాకాలు ఊదేవాళ్ళు నవ్వాపుకోలేక రెండుసార్లు తాళం తప్పారు.

సంతరోజు పొద్దున పదింటికి పెర్సివల్ గీత చూసి మరీ సూది దించాడు. మేక అరిచింది.

జనం గొల్లున నవ్వారు. మళ్ళీ వెయ్యమన్నారు, ఇంకోసారి వెయ్యమన్నారు. తిప్పబోతే పెర్సివల్ చెయ్యి పట్టుకున్నారు. ఇదంతా అరవై నాలుగులో మాట. ఇప్పటికీ డిసెంబరులో రేడియోలో ఆ మేక అరవందే మాకు పండగ రాదు. రాన్స్‌ఫర్డ్ పుట్టు హాస్యగాడని అందరూ అనుకుంటారు. ఆ పొద్దున అతని మొహం చూసుంటే అలా అనుకోరు. పెళ్ళి మాట అడగబోయి నలుగురిలో 'మే' అన్నవాడికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పెర్సివల్ మాత్రం గీత తన చేత్తోనే పెట్టానని తల్లి మీద ఒట్టేశాడు.

ఐసిల్డా పండగకు కాచే ఎర్రటి సోరెల్ పానకం గ్లాసు పట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేలా నవ్వుతోంది. పక్కనే గార్డు నిలబడి ఉన్నాడు. రాన్స్‌ఫర్డ్‌కు ఏడుపొచ్చింది. అయినా ఆమె దగ్గరికి వెళ్ళాడు.

"నీ పాట అది కాదు. రెండో వైపుంది."

"తెలుసు. మొన్న కొట్లో విన్నాను. పదకొండుసార్లు."

"మరి గీత?"

"నేనే చెరిపి మేక వైపు పెట్టాను."

ఇష్టం లేకపోతే లేదని ఒక్క మాట చెప్పొచ్చుగా, ఇంతమందిలో నవ్వులపాలు చెయ్యడమెందుకని అడిగాడు.

"నా మొగుడు నాకోసం పాడిన పాట ఊరందరికీ ఎందుకు?"