మూడు రోజుల ఎరుపు

“గుచ్చుకుని ఎన్నాళ్ళయింది?”

డాక్టరమ్మ గొంతులో కోపం లేదు, తొందర ఉంది. ఎత్తు బల్ల మీద కూర్చున్న ఎనిమిదేళ్ళ పిల్ల మూడు వేళ్ళు చూపించింది.

“మూడు రోజులా!” డాక్టరమ్మ తల్లివైపు తిరిగింది. “కంటి లోపల చీము పట్టిందమ్మా. ఇవాళే ఆపరేషను చేసి మందు ఎక్కించాలి. ఆలస్యమైతే చూపు దక్కదు. ఏం గుచ్చుకుంది? పుల్లా, ఇనుమా? దాన్నిబట్టే మందు.”

“నాకు చెప్పలేదండీ,” అంది తల్లి, నేల చూస్తూ.

“చెప్పాలా? ఎర్రగా నిప్పుకణికలా ఉంటే కనబడదా?”

తల్లి చేతిసంచి పిడిని మెలితిప్పింది.

గుమ్మం దగ్గర నిలబడ్డ దర్జీ దుకాణం యజమానురాలు ఊరుకోలేకపోయింది. ఆ మధ్యాహ్నం దుకాణానికి వచ్చిన పిల్లను చూసి, తల్లీబిడ్డలిద్దరినీ ఆటో ఎక్కించి తెచ్చింది ఆమే.

“పదేళ్ళుగా నా దగ్గర కాజాలు కుడుతోంది డాక్టరుగారూ. ఒక్క పోగు పక్కకి పోనివ్వదు. కన్నకూతురి కన్ను మాత్రం చూసుకోలేదు! సిగ్గుండాలి కదే?”

“ఉందక్కా,” అంది తల్లి, వినీ వినబడకుండా.

“అమ్మనేం అనకండి,” అంది పిల్ల.

“అయితే నువ్వే చెప్పు బంగారం. దేనితో గుచ్చుకుంది?” అంది డాక్టరమ్మ.

పిల్ల ఒకసారి యజమానురాలివైపు చూసి, పెదవులు బిగించుకుంది.

డాక్టరమ్మ నిట్టూర్చి టార్చి అందుకుంది. “ఇలా రామ్మా. సంతకం పెట్టాల్సింది నువ్వు, నీ కళ్ళతో నువ్వే చూడు. ఒకదాని తర్వాత ఒకటి, రెండు కళ్ళూ చూపిస్తాను.”

ఒక రెప్ప పైకెత్తి వెలుగు వేసింది.

తల్లి వంగింది. బిడ్డ ఊపిరి ముఖానికి తగిలేంత దగ్గరగా వంగింది. చూసింది. చాలాసేపు చూసింది.

“అయ్యో, చీము! కనబడుతోందండీ… నా తల్లే, ఎంత చీము పట్టిందో!” అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

టార్చి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది. గుమ్మం దగ్గర యజమానురాలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

పిల్ల తల్లి చెంపలు తుడిచి, తన ముఖాన్ని మెల్లగా రెండో పక్కకు తిప్పింది.

“అది బాగున్న కన్నేనమ్మా,” అంది. “నీ సూదులకి దారం ఎక్కిస్తుంటే గుచ్చుకుంది, ఈ కంట్లో.”