పెళ్లా? చావా?

"సముద్రం చూపిస్తానని సామాన్ల వ్యానెక్కించి తెచ్చి, పెళ్లి షామియానా వేస్తావేంటయ్యా! సిగ్గులేదూ?" ఆస్రా మొగుడి మీద ఎగిరింది.

భవానీపురంలో టెంట్‌హౌస్ నడిపే ఖాలిక్, హంసలదీవి ఇసుకలో గుంజ పాతుతూ ఇకిలించాడు. "క్యాంపింగంటే టెంటేగా!"

వల భుజానేసుకున్న ఓ ముసలాయన పరుగున వచ్చాడు. "ఎవరు పోయారమ్మా?"

"మా షికారు పోయింది తాతా."

తాత షామియానా తడిమి చూశాడు. "బాబూ, ఎల్లుండి మా మనవరాలి పెళ్లి. దీన్ని పీకి ఇస్తావా?"

బుకింగ్ రాసుకోడానికి ఖాలిక్ చెయ్యి అలవాటుగా జేబులో పెన్ను వెతికింది. ఆస్రా సంచి సర్దడం మొదలెట్టింది. ఆమె చివరిసారి షామియానా కింద కూర్చున్నది తమ నిఖాకే. ఆ తర్వాత అతను వేసినవన్నీ ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లకే. ఆ సంగతి అతనికిప్పుడే తట్టింది.

"రేపు పట్టుకెళ్లు తాతా. ఇవాళ మా ఆవిడ బుక్ చేసుకుంది."

ఆస్రా సంచి వదిలేసింది. "అయితే ఆ పెన్ను సముద్రంలో పారేసి, వచ్చి నా పక్కన కూర్చో!"