సొంత ఆయాసం

పైడిరాజు పదేళ్లుగా ఫిట్‌నెస్ ట్రైనర్. పరుగెత్తేవాళ్ల అలసటంతా ఇప్పుడు ఇద్దరూ కట్టుకునే మణికట్టు పట్టీల గుండా ట్రైనర్లకే చేరుతోంది. వాళ్లు బీచ్ రోడ్డు మీద హాయిగా పరుగెడుతుంటే, అతను గదిలో కూర్చుని ఆయాసపడతాడు. నొప్పి ముదిరితే, అక్కడ పరుగెడుతున్న ఆవిడతో మైకులో "మేడమ్, కాస్త నెమ్మదించండి" అంటాడు. ఆవిడ నెమ్మదిస్తే అతని నొప్పి తగ్గుతుంది.

ఆ ఆదివారం పట్టీ తీసేసి, మొదటిసారి తన కోసం మారథాన్‌కు దిగాడు. నాలుగు గంటల్లో ముగిస్తే కంపెనీవాళ్లు పట్టీ అక్కర్లేని కోచ్ ఉద్యోగం ఇస్తారు. ఇక ఎవరి అలసటా మోయనక్కర్లేదు.

ముప్పయ్యో కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేశాయి. "మేడమ్, కాస్త నెమ్మదించండి" అని అలవాటుగా అనేసి, ఆగి, నొప్పి తగ్గడం కోసం ఓపిగ్గా ఎదురుచూశాడు. వెనకవాళ్లు ఒక్కొక్కరే దాటిపోయారు.

మంచినీళ్లు అందిస్తున్న భార్య నూకరత్నం పరుగున వచ్చింది.

"ఎవలితో మాటాడుతున్నావయ్యా? మేడమ్ ఇంట్లో ఇడ్లీ తింటన్నాది. ఆ కాళ్లు నీయే!"

పైడిరాజు వంగి పిక్కలు తడుముకున్నాడు. గడువు ఎప్పుడో చేజారిపోయింది. రేపు మళ్లీ డ్యూటీయే.

"కూకోరాదా కాసేపు?" అంది ఆమె.

"ఉండవే. ఇన్నేళ్లకి నాదంటూ ఒక నొప్పి వచ్చింది. ఎందాకా ఉంటాదో సూసొస్తాను," అని కుంటుతూ కదిలాడు.