నీళ్లపొయ్యి

“నోరు తెరువు మామా!”

రశ్మి ముక్కు మూసుకుని మామ ముందు నిలబడింది. లోపల ఐదేళ్ల పాప ఊపిరి ఈల వేసినట్టు వినిపిస్తోంది. ఇంట్లో పొగ ఆగకపోతే పాప ప్రాణానికే ముప్పని నిన్ననే డాక్టరు హెచ్చరించాడు.

“బీడీ మానేసి నెలయింది కదమ్మా,” అన్నాడు కొండప్ప.

“మానేస్తే ఈ పొగ కంపు యాడ నుంచి వస్తా ఉంది? తూ! మనవరాలి కన్నా బీడీ ముద్దయిపోయిందా నీకు?”

ముసలాయన నోరు తెరిచాడు. రశ్మి వంగి వాసన చూసింది. ఆకువక్క వాసన తప్ప మరేమీ లేదు.

“చెప్పబోతే ఇన్నాళ్లూ నా నోరు మూయిస్తివి. ఇప్పుడన్నా నీళ్లపొయ్యి కాడికి రామ్మా.”

పెరట్లో పాప స్నానానికి నీళ్లు కాగుతున్నాయి. మొగుడు ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన రబ్బరు ముక్కలు పొయ్యిలో కరిగి నల్లటి చీములా కారుతున్నాయి. కట్టెలు దండగని రోజూ వాటిని వేసేది తనే. పొగ తిన్నగా పాప గది కిటికీలోకి పోతోంది.

“అమ్మా, నీళ్లు కాగినాయా?” పాప దగ్గుతూ అడిగింది.

రశ్మి చెంబెడు నీళ్లు పొయ్యిలో కుమ్మరించింది. గుప్పున లేచిన ఆవిరికి ముక్కు మూసుకుంది.

కంపు తన చేతిలోనే ఉంది.