తప్పు చెక్కిన రాయి

తెల్లారితే గ్రంథాలయం ప్రారంభోత్సవం అనగా, గోడకు బిగించాల్సిన శిలాఫలకం పట్టపగలు మాయమైంది.

ఎస్సై తిన్నగా రిటైరైన తెలుగు మాస్టారింటికి వెళ్లాడు. ఆ రాతి మీది ఒక్క మాట కోసం వారం రోజులుగా వీధివీధీ తిరిగి గగ్గోలు పెట్టింది ఆయనే మరి.

"ఏమీ అనుకోకండి మాస్టారూ, ఇల్లొకసారి వెతకాలి."

"వెతుకుదువుగాని, ముందిది చెప్పు. గ్రంథాలయాన్ని ఆవిష్కరిస్తారట్రా?"

ఎస్సై టోపీ తీసి చేతులు కట్టుకున్నాడు. ఆయన దగ్గరే పదో తరగతి చదివాడు. "ఆవిష్కరించరాండీ?"

"తెర తీసి చూపించేదాన్ని ఆవిష్కరిస్తారు. విగ్రహాన్ని, పుస్తకాన్ని, పటాన్ని. తలుపులు తెరిచి పని మొదలుపెట్టేదాన్ని ప్రారంభిస్తారు. 'గ్రంథాలయం ఆవిష్కరించబడినది' అని రాతి మీద చెక్కిస్తే రేపు పిల్లలు అదే నేర్చుకోరూ?"

ఈలోగా కానిస్టేబుల్ మంచం కింద నుంచి దుప్పటి చుట్టిన రాయిని బయటికి లాగాడు. లోపలి గదిలోంచి తొంగిచూస్తున్న మాస్టారి భార్య తల పట్టుకుంది.

"అవున్రా, నేనే. సైకిలు వెనక కట్టుకుని తెచ్చాను. పద, జైల్లో పెట్టు. భాష కోసం ఆమాత్రం పడలేనా?"

మాస్టారు రెండు చేతులూ ముందుకు చాపేసరికి ఎస్సై ఆ చేతులు పట్టుకుని కిందికి దించాడు. అక్కడి నుంచే మున్సిపల్ ఛైర్మన్‌కి ఫోన్ చేశాడు. విషయం విని ఛైర్మన్ కూడా కరిగిపోయాడు. కేసూ లేదు, గీసూ లేదు. కొత్త రాయి చెక్కిస్తారట. రేపటి సభలో మాస్టారికి సన్మానం కూడానట!

వెళ్లబోతూ ఎస్సై గుమ్మంలో ఆగాడు. "ఇంతకీ ఆ వాక్యం ఎవరు రాసిచ్చారో ఆరా తీయమంటారా? ఆఫీసు గుమాస్తా ఎంత అడిగినా నోరు విప్పడం లేదు."

"వద్దులేరా. ఎవడో అక్షరమ్ముక్క రానివాడు. వాడి పాపాన వాడే పోతాడు."

ఎంత పెద్ద మనసనుకుంటూ ఎస్సై దండం పెట్టి జీపెక్కాడు.

మాస్టారు తలుపేసి, గడియ పెట్టి, మొహం తుడుచుకున్నారు.

భార్య గ్లాసుడు మంచినీళ్లు చేతికిచ్చి, గొంతు తగ్గించి అంది:

"గుమాస్తా వచ్చి బతిమాలిన రోజున, ఆ ముక్క రాసిచ్చే ముందు నన్నొక్క మాట అడిగుంటే, ఈ వయసులో మీకు రాళ్లు మోసే తిప్పలు తప్పేవి కదండీ!"