కొండెక్కే ఇంజన్

"చిన్న ఇంజన్ చాలు" అన్నాడు కళ్ళజోళ్ళ షాపాయన.

"పెద్దదే కావాలి" అంది ఆయన భార్య.

మధ్యలో నిలబడ్డ షోరూమ్ సేల్స్‌మన్ తల ఎటు ఊపాలో తెలియక రెండు వైపులా ఊపాడు. కారు ఒకటే, రంగు ఒకటే, సీట్లూ అవే. బానెట్ కింద మాత్రం ఒకదానికి వెయ్యి సీసీ, ఇంకోదానికి పదిహేను వందలు. పొద్దుటి నుంచీ బేరం అక్కడే ఇరుక్కుపోయింది.

షాపాయన దగ్గర కారణాలకు కొదవలేదు. చిన్నదైతే పెట్రోలు తక్కువ తాగుతుందన్నాడు. ఇన్సూరెన్సూ తక్కువేనన్నాడు. ఇంటి నుంచి షాపుకీ, షాపు నుంచి ఇంటికీ ట్రాఫిక్‌లో పాక్కుంటూ పోవడానికి అంత ఇంజన్ దండగన్నాడు. అసలు కారణం మాత్రం పెదవి దాటనివ్వలేదు.

ఆ కారణం ఆయన అత్తగారు. ఆవిడ రిటైరైన హెడ్‌మిస్ట్రెస్. ఊరవతల కొండమీద ఏరికోరి కొనుక్కున్న ఇంట్లో ఒక్కతే ఉంటుంది. టాక్సీ అంటే పడదు. పాత కారేమో కొండ సగం ఎక్కగానే మలుపులో ఆయాసపడి ఆగిపోయేది. దాంతో రాకపోకలు ఎప్పుడో ఒకసారికి పడిపోయాయి. ఆవిడ వీళ్ళింట్లో అడుగుపెడితే అల్లుడి చొక్కా గుండీ దగ్గర్నుంచి మాట్లాడే వాక్యం దాకా అన్నీ దిద్దేస్తుంది. అందుకే ఆ మలుపును తలుచుకుని ఆయన మనసులోనే దణ్ణం పెట్టుకునేవాడు.

"అమ్మని వారం వారం తెచ్చుకోవాలంటే ఆ కొండ ఎక్కాలి కదండీ. చిన్నది ఎక్కుతుందా?" అంది భార్య.

ఎక్కుతుందంటే అత్తగారు దిగుతుంది. ఎక్కదంటే వాదం ఓడిపోతుంది.

పెద్ద ఇంజన్ బండి బయటే సిద్ధంగా ఉందనీ, ఆ కొండే ఎక్కించి చూసుకోవచ్చనీ సేల్స్‌మన్ సందు చూసుకుని చెప్పాడు. ఆ మాట పూర్తయ్యేలోపే భార్య స్టీరింగ్ ముందు కూర్చుంది. పక్కన సేల్స్‌మన్. వెనక సీట్లో షాపాయన.

మలుపు దగ్గర పడేకొద్దీ ఆయన ముందు సీటును గట్టిగా పట్టుకుని, ఆగు తల్లీ, ఆగు అని లోలోపల ఇంజన్‌ని బతిమాలుకున్నాడు. అది ఆగలేదు సరికదా, కనీసం దగ్గలేదు. లిఫ్ట్ పైకి లేచినంత సాఫీగా కొండెక్కేసింది. భార్య అద్దంలోంచి వెనక్కి చూసి నవ్వింది. ఆయన మొహం మాడిపోయింది.

అత్తగారు వరండాలో కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటోంది. గేటు ముందు కారు ఆగడం చూసి కళ్ళజోడు సర్దుకుంది.

"ఇదెలా ఎక్కింది?"

"ఇంజన్ పెద్దదమ్మా. ఇక ప్రతి శనివారం వచ్చి నిన్ను తీసుకెళ్ళిపోతాను" అంటూనే కూతురు లోపలికి నడిచింది. వెళ్ళీవెళ్ళగానే కిటికీ తెరలు మార్చాలంది. ఫ్రిజ్‌లో సగం సామాను పారేయాలంది. మందుల డబ్బా విప్పి లెక్క చూసింది. అమ్మ కూర్చునే కుర్చీని, వెలుతురు ఇటే బాగుంటుందని ఇంకో మూలకు జరిపేసింది. హెడ్‌మిస్ట్రెస్ కూతురి వెనకాలే తిరిగి, మెల్లగా బయటికొచ్చి సేల్స్‌మన్‌ని పట్టుకుంది.

"ఇందులో చిన్న ఇంజన్‌ది లేదా?"

ఉందనీ, సార్ కూడా పొద్దుటి నుంచీ అదే కావాలంటున్నారనీ సేల్స్‌మన్ చెప్పాడు. ఆవిడ అల్లుడి వంక ఒక్క క్షణం పరీక్షగా చూసింది. తర్వాత చిన్నదే మంచిదని మొదలుపెట్టింది. పెట్రోలు ఆదా, ఇన్సూరెన్సు ఆదా, ట్రాఫిక్‌లో సుఖం అంటూ షాపాయన చెప్పినవే పొల్లు పోకుండా ఏకరువు పెట్టింది.

"నా ఒక్కదాని కోసం అంత బండి ఎందుకు బాబూ" అంది చివర్న.

పెళ్ళయిన నాటి నుంచీ షాపాయన మాటను అత్తగారు ఒప్పుకోవడం ఇదే మొదటిసారి. ఆపైన ఆ 'నా ఒక్కదాని కోసం' అన్న మాట సూటిగా వెళ్ళి గుండెకు తగిలింది. ఒంటరి మనిషి, తమ ఖర్చు గురించి ఆలోచించి తన సరదా చంపుకుంటోంది. తనేమో ఆ మలుపుకి దణ్ణాలు పెట్టుకున్నాడు. ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

"మీకన్నా పెట్రోలు ఎక్కువా అత్తయ్యా? పెద్దదే తీసుకుంటాం" అన్నాడు.

తొందరపడొద్దంది ఆవిడ. తొందరేం లేదన్నాడు ఆయన. ఇంకో నాలుగు రోజులు ఆలోచించుకోమంది. ఆవిడ వద్దనేకొద్దీ ఆయన మరింత కరిగిపోయి, అక్కడికక్కడే బుక్ చెయ్యమన్నాడు. ఈ మనిషి మనసు మళ్ళీ మారకముందే సేల్స్‌మన్ ఫోన్ తీసి చకచకా నొక్కేశాడు.

"అయిపోయింది సార్, పెద్దదే ఖాయం."

లోపల్నుంచి కూతురి గొంతు వినిపించింది. "అమ్మా, ఈ బీరువా తాళాలెక్కడ? శనివారం వచ్చి మొత్తం ఖాళీ చేసి సర్దేస్తాను."

అత్తగారు వరండా మెట్టు మీద కూలబడింది. కూతురు వినడం లేదని చూసుకుని, దగ్గరికి రమ్మని అల్లుడికి సైగ చేసింది. ఆశీర్వదిస్తుందేమోనని ఆయన తల వంచాడు.

"ఎంత పని చేశావు బాబూ" అంది ఆవిడ చెవిలో. "నువ్వు నన్ను తప్పించుకోవడానికి చిన్న ఇంజన్ అన్నావు, నేను నా కూతుర్ని తప్పించుకోవడానికే కదయ్యా ఈ కొండెక్కి కూర్చున్నది."