అరచేతంత తండా

"ఆ తెల్లమచ్చ ఏమిటయ్యా?" అని కొత్త రేంజరు సాంబమూర్తి వెనక నుంచి అడిగేసరికి హరిలాల్ చేతిలో కుంచె ఆగిపోయింది.

ఎదురుగా ఫారెస్టు ఆఫీసు గోడకు ఆరడుగుల ప్లైవుడ్ చెక్క. పక్కన బల్లమీద ఒక పెద్ద ఫోటో. డెబ్బై తొమ్మిదిలో ఉపగ్రహం ఆకాశం నుంచి తీసిందట. అందులో అడవి ఎర్రగా, గోదావరి నల్లగా, చెట్టు లేని చోటు తెల్లగా ఉన్నాయి. దాన్ని ఉన్నదున్నట్టు పెద్దదిగా చెక్కమీదికి దించాలి. ఆఫీసువాళ్లు చెప్పిన పని అదీ.

సారపాకలో వెదురు లారీలకు పేర్లు రాసి బతికే హరిలాల్‌కు ఇలాంటి పని దొరకడం ఇదే మొదలు. అతనికి ఆకాశం బొమ్మలంటే పిచ్చి. పేపర్లో చంద్రుడి ఫోటో పడితే చాలు, కత్తిరించి రంగుల పెట్టె మూతకు లోపల అంటించుకుంటాడు. లారీ వెనక తామరపువ్వు వేయమన్న ఓనరుకు వలయాలతో సహా శనిగ్రహం వేసి, బండికి శని పట్టించావని తిట్లు కూడా తిన్నాడు.

ఆ పొద్దున ఫోటోమీద గీసుకున్న గళ్లు లెక్కపెట్టుకుంటూ వస్తుంటే, రెండు వాగులు కలిసే మూల మినపగింజంత తెలుపు కనిపించింది. చటుక్కున గుర్తుపట్టాడు. అది ఇప్పలగుట్ట తండా. తన తండా. పదిహేను గుడిసెలు, చుట్టూ జొన్నచేలు. చంద్రుణ్ణీ చుక్కల్నీ చూసే కన్ను తమను కూడా చూసిందన్నమాట. అతనికి ఒళ్లు జలదరించింది. చెక్కమీద ఆ తెలుపును అరచేతంత చేసి, అంచులు దిద్దుకుంటుండగా వచ్చి పడింది ఈ ప్రశ్న.

"ఫోటోల ఉంది సార్," అన్నాడు.

సాంబమూర్తి వంగి చూశాడు. రికార్డులో అక్కడ ఊరేమీ లేదని, అంతా అడవేనని, ఎవరైనా చెట్లు కొట్టి దున్నుతున్నారేమో రేపే జీపు వేసుకుని వెళ్లి చూస్తానని అన్నాడు.

కిందటి నెలే ఫారెస్టువాళ్లు జీపులో వచ్చి వాగవతలి చిన్న పల్లెలో గుడిసెలు పీకేశారు. హరిలాల్ భార్య హేమ్లివాళ్ల అన్న అక్కడివాడే. పిల్లలతో వచ్చి ఇంకా వీళ్ల పంచలోనే ఉంటున్నాడు.

"ఊరు కాదు సార్. ఫోటో మీద మరక."

"మరకైతే నువ్వెందుకు వేశావు?"

"ఉన్నదున్నట్టు ఎయ్యమన్నరు గద సార్."

సాంబమూర్తి నవ్వాడు. మరకను కూడా వదలకుండా దించిన మొనగాడివని మెచ్చుకుని, ఎర్రరంగు పూసెయ్యమని చెప్పి, కుర్చీ లాక్కుని అక్కడే కూర్చున్నాడు.

హరిలాల్ ఎర్ర ఎనామిల్ డబ్బా మూత తీశాడు. మొదటి పూతకు తండా గులాబీరంగులోకి తిరిగింది. ఆరేదాకా ఆగి రెండోది పూస్తే ఇంకా లీలగా కనిపిస్తూనే ఉంది. మూడో పూతకు అడవిలో కలిసిపోయింది.

ఆ సంగతి ఇంట్లో హేమ్లికి ఒక్కదానికే చెప్పాడు. ఆమె పోనీలే, జీపైతే రాదు కదా అంది. నిజంగానే జీపు రాలేదు. హరిలాల్ మాత్రం మళ్లీ ఎన్నడూ ఆకాశం బొమ్మ కత్తిరించలేదు.

సాంబమూర్తి బదిలీ అయి వెళ్లిపోయాడు. ఎనభై ఆరులో గోదావరి వరద ఆఫీసులోకి వచ్చినప్పుడు బీరువాలోని ఫోటో నాని ముద్దయింది. గోడమీద ఎత్తున ఉన్న చెక్క మిగిలింది.

మరో నాలుగేళ్లకు, ఎనభైకి ముందు నుంచి అడవిలో దున్నుకుంటున్నవాళ్లకు పట్టాలు ఇస్తారని కబురొచ్చింది. తండాకు తండా బస్సెక్కి ఆఫీసుకు వచ్చింది. పెద్దమనిషి హాతీరాం ముందు నిలబడ్డాడు.

ఆఫీసరు నిర్మలాదేవి మెత్తని మనిషి. అందరినీ కూర్చోమంది. అప్పటి కాగితం ఏదైనా ఉందా అని అడిగింది. ఒక్కరి దగ్గరా లేదు. పరవాలేదని, డెబ్బై తొమ్మిది నాటి ఫోటో చూసి వేసిన పటం ఉందని, అందులో తెల్లగా కనిపిస్తే చాలు, తాను సంతకం పెడతానని ధైర్యం చెప్పింది. బెత్తం పట్టుకుని పటంమీద వాగుల వెంట వెతికింది. రెండు వాగులూ కలిసే మూల ఆగి, చాలాసేపు చూసింది.

"ఇక్కడ అడవే ఉందయ్యా," అంది.

ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. హరిలాల్ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చాడు.

"తండా ఉండె మేడం. గా పటం ఏసింది నేనే. జీపొస్తదని భయమై, నేనే మీద ఎర్రరంగు పూసిన."

అంటూనే ఆ మూల గోరుతో గీకాడు. కింద తెలుపు కనిపించింది. నిర్మలాదేవి జానెడు పక్కన, చిక్కటి అడవి ఉన్నచోట గీకింది. అక్కడా తెలుపే. బొమ్మ మొదలుపెట్టే ముందు చెక్కంతటికీ తెల్లరంగు పూసింది హరిలాలే.

అతను చేతులు జోడించి అదే మాట మళ్లీ చెప్పాడు. ఆమె అతని వైపు జాలిగా చూసి, ఫైలు మూసింది.

"నీవాళ్ల కోసం తప్పు నెత్తిన వేసుకుంటున్నావు, మంచివాడివే. కానీ సొంత ఊరిని చేతులారా చెరుపుకునేవాడు ఎవడుంటాడయ్యా?"